బాడుగ ఎంత పెంచొచ్చు, ఏ కాగితం చేతిలో ఉండాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిరుపతి బైరాగిపట్టెడలో మీ నాన్నగారు కట్టిన మిద్దె. కింద వెనకవైపు అమ్మగారు ఉంటారు, ముందు అంగడిని మందులషాపుకి ఇచ్చారు, పైన మూడు పోర్షన్లు బాడుగకున్నాయి. నాన్నగారు పోయాక లెక్కలన్నీ మీరు బెంగళూరు నుంచి చూసుకుంటున్నారు. పోర్షన్‌కి 8,500 చొప్పున బాడుగ నాలుగేళ్ళుగా కదల్లేదు. ఇప్పుడు 12,000 చేద్దామంటే పైనున్నాయన వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూపించి, "చట్టప్రకారం పది శాతమే పెంచాలి, రెండు నెలలకి మించి అడ్వాన్సు ఉంచుకోకూడదు" అన్నారు. అంగడాయన జీఎస్‌టీ పేరు చెప్పి బాడుగ తగ్గించమంటున్నారు. అగ్రిమెంట్లు వెతికితే ఒక్కటే దొరికింది, అదీ 2019లో పదకొండు నెలలకి రాసినది. ఇదీ మీ పరిస్థితి.

నేను 1994 నుంచి కొర్లగుంటలో, తర్వాత ఎం.ఆర్.పల్లిలో ఇళ్ళు, రెండు అంగళ్ళు బాడుగకిస్తున్నాను. తప్పులు చేసి నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. అవి మీ అమ్మగారికి జరగకూడదని కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఆ పది శాతం సంగతి. పది శాతమని మన రాష్ట్రంలో ఏ చట్టమూ అంకె కట్టలేదు. అది వాడుక. ఏడాదికి అయిదో పదో పెంచుకోవడం తిరుపతిలో అందరూ ఒప్పుకునే పద్ధతి కాబట్టి అది చట్టంలోనే ఉందనుకుంటారు. మా నాన్న కాలంలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉండేది. రెంట్ కంట్రోలర్ దగ్గరికెళ్ళి "ఇది న్యాయమైన బాడుగ కాదు" అని బాడుగదారు అర్జీ పెట్టుకోవచ్చు, కంట్రోలర్ అంకె తేల్చేవాడు. అందులోనూ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకి 3,500 దాటిన బాడుగలు ఆ చట్టం కిందికి రాలేదు. ఆ తర్వాత ఇళ్ళకీ అంగళ్ళకీ కలిపి 2017లో రాష్ట్రం కొత్త టెనెన్సీ (అంటే బాడుగల) చట్టం తెచ్చింది. దాని ఆలోచన వేరు. బాడుగ ఎంత, ఎప్పుడు, ఎంత పెరగాలి అన్నది ఇద్దరూ రాసుకున్న ఒప్పందాన్ని బట్టి నడుస్తుంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండి తీరాలి.

రెండు నెలల అడ్వాన్సు మాట ఎక్కణ్ణించి వచ్చిందంటే, 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న మోడల్ టెనెన్సీ చట్టంలోది. ఇళ్ళకి రెండు నెలలు, అంగళ్ళకి ఆరు నెలలు అని అందులో ఉంది. కానీ అది నమూనా. ఇళ్ళ బాడుగ రాష్ట్రాల చేతిలోని విషయం, నమూనాని రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నప్పుడే అది మనల్ని పట్టుకుంటుంది. ఇలాంటి మెసేజ్‌లు ఏడాదికోసారి తిరుగుతుంటాయి. వాటితో బాడుగదారుతో వాదనకి దిగకండి. "ఇది ఏ రాష్ట్రం చట్టం, ఎన్నో సెక్షన్?" అని మెల్లగా అడిగితే చాలు. ఆయన మీద కోపం పెట్టుకోనక్కర్లేదు, ఆయనా భయపడే ఆ మెసేజ్ పట్టుకున్నారు. 8,500 ఒక్కసారిగా 12,000 అంటే నూటికి నలభై పైగా పెరిగినట్టు. ఎవరైనా భయపడతారు.

చట్టంలో అంకె లేదంటే మనం చెప్పిందే అంకె అని కూడా కాదు. ఇక్కడే ఇంటివాళ్ళు చాలామంది పొరబడతారు. ఒప్పందంలో పెంపు గురించి ఒక్క వాక్యం లేకపోతే, బాడుగదారు ఒప్పుకోకుండా మీరు ఒక్క రూపాయి కూడా పెంచలేరు. ఆయన ఒప్పుకోనంటే మీకు మిగిలేది ఒక్కటే దారి, నోటీసిచ్చి ఖాళీ చేయమనడం. అది ఎంత పొడవాటి దారో నాకు తెలుసు.

నా అనుభవం చెప్తాను. ఒక అంగడి నేను ఒకాయనకి బాండు పేపరు మీద పదకొండు నెలలకి రాసి ఇచ్చాను. గడువు అయిపోయింది. ఆయన బాడుగ ఇస్తూ పోయాడు, నేను తీసుకుంటూ పోయాను. తొమ్మిదేళ్ళు గడిచాయి. పక్క అంగళ్ళు నా బాడుగకి రెండింతలు తెస్తున్నాయని తెలిసి పెంచమన్నాను, కుదరదన్నాడు. కోర్టుకి పోయాక నా వకీలు చెప్పింది విని నీరైపోయాను. గడువు దాటాక బాడుగ తీసుకుంటే ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెల నెలా సాగే టెనెన్సీ అవుతుంది. దాన్ని ముగించడానికి 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. కానీ పాత ఒప్పందంలోని షరతుల్ని చూపించుకుందామంటే ఆ కాగితం రిజిస్టర్ కాలేదు. "పదకొండు నెలలే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా" అన్నాను. అక్కర్లేదనేది మిగతా చాలా రాష్ట్రాల మాట. మన దగ్గర 1999 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్ర సవరణ ఉంది, స్థిరాస్తి లీజు ఎన్ని నెలలదైనా రిజిస్టర్ చేయించాల్సిందే. చేయించకపోతే షరతులకి రుజువుగా కోర్టు దాన్ని తీసుకోదు. ఆయన ఆ అంగట్లో బాడుగదారుగానే ఉన్నాడని చూపడానికి మటుకు పనికొస్తుంది. పైగా స్టాంపు తక్కువుంటే తగ్గిన మొత్తానికి పదిరెట్లు దాకా పెనాల్టీ. చివరికి పెద్దమనుషుల్లో రాజీ పడి బయటపడ్డాం. ఆ మూడేళ్ళలో పోయింది బాడుగొక్కటే కాదు.

అందుకని పదకొండు నెలల బాండు పేపరు మనల్ని కాపాడుతుందన్న నమ్మకాన్ని పక్కన పెట్టండి. డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా పదకొండు నెలలే రాస్తారు. దానివల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. పదకొండు నెలలకోసారి రాసుకుంటే గడువు ఏటా ఒక నెల వెనక్కి జరుగుతుంది. జూన్ 1న మొదలైతే మొదటి దఫా ఏప్రిల్‌లో, తర్వాత మార్చిలో, ఆ తర్వాత ఫిబ్రవరిలో, నాలుగోసారి జనవరిలో ముగుస్తుంది. జనవరి అంటే చాలావరకు పుష్యమాసం. శూన్యమాసంలో మన ఊళ్ళో ఎవరు వచ్చి పాలు పొంగిస్తారు? ఇల్లు ఖాళీ అయితే మాఘం దాకా టు-లెట్ బోర్డు వేలాడాల్సిందే. ఆషాఢమూ అంతే. పిల్లల బడులు తెరిచేముందు, అంటే మే నెలలో ఇల్లు వెతికేవాళ్ళు ఎక్కువ. గడువు మే 31తో ముగిసేట్టు పెట్టుకోండి, పోర్షన్ ఖాళీ అయినా వారం తిరక్కుండా మనుషులొస్తారు.

మీరు అడగని సంగతి ఒకటుంది, అన్నిటికన్నా ముందు అదే తేలాలి. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆయన సొంతంగా సంపాదించిన ఇల్లు ఇప్పుడు ఒక్క అమ్మగారిది కాదు. అమ్మగారికీ, మీకూ, మీ తోబుట్టువులకీ సమానంగా వస్తుంది. నాన్నగారి తల్లి బతికుంటే ఆమెకీ ఒక వాటా. అలాంటప్పుడు అమ్మగారు ఒక్కరే సంతకం పెట్టిన అగ్రిమెంటుని రేపు ఎవరైనా ప్రశ్నించొచ్చు. వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. కార్పొరేషన్‌లో ఇంటిపన్ను పేరు మార్పించండి, కరెంటు సర్వీసు కూడా. తర్వాత అందరూ కలిసి సంతకాలు పెట్టండి, లేదా మిగతావాళ్ళు ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. ఇన్‌కమ్ టాక్స్‌లో కూడా బాడుగ ఎవరి వాటా వాళ్ళ లెక్కలో చూపించాలి, అంతా అమ్మగారి పేరున వేయకూడదు. ఈ పని కాకుండా కొత్త అగ్రిమెంటు రాయించడం పునాది లేకుండా గోడ లేపినట్టే.

ఇక అంకె. మీరు 12,000 అనడానికి కారణం నాకు తెలుసు, పక్కవీధిలో కొత్త ఇళ్ళకి అంత వస్తోంది. కానీ లెక్క వేసి చూడండి. ఏటా అయిదు శాతం పెంచుకుంటూ వచ్చి ఉంటే 8,500 మొదటి ఏడాదికి 8,925, తర్వాత 9,371, 9,840, నాలుగో ఏటికి 10,332 అయ్యేది. నేనైతే 10,300 అడుగుతాను. 12,000కీ దానికీ తేడా నెలకి 1,700, ఏడాదికి 20,400. పట్టుబట్టి అడిగితే ఆయన వెళ్ళిపోతారు. రెండు నెలలు ఖాళీగా ఉంటే పాత బాడుగ లెక్కనే 17,000 పోతుంది, సున్నాలూ రంగులూ వేరే. నాలుగేళ్ళు ఒకటో తారీఖుకల్లా బాడుగ ఇచ్చి, అమ్మగారికి ఒంట్లో బాగలేనప్పుడు రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళిన కుటుంబం అని మీరే రాశారు. ఆ మనుషులకి విలువ కట్టలేం.

కొత్త ఒప్పందం మూడేళ్ళకి రాయించి రిజిస్టర్ చేయించండి. "మొదటి ఏడాది 10,300, రెండో ఏడాది 10,815, మూడో ఏడాది 11,356" అని రూపాయల్లోనే రాయించండి. శాతం రాస్తే దేని మీద శాతం అని వాదన వస్తుంది, అంకె రాస్తే రాదు. పెంపు గురించి మళ్ళీ నోరు తెరవాల్సిన పనే ఉండదు. మధ్యలో చట్టం మారినా మీ చేతిలో ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను గ్రహించింది ఇదే, పెంచే హక్కు మొదటిరోజు రాసుకున్న కాగితంలో ఉంటుంది. పెంచాల్సిన రోజున వెతికితే దొరకదు.

రిజిస్ట్రేషన్‌కి ఇంటివాళ్ళూ బాడుగదారూ ఇద్దరూ ఆధార్‌లతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి రావాలి, ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు, సాక్షులు ఇద్దరు కావాలి. స్టాంపు ఖర్చు బాడుగనీ గడువునీ బట్టి ఉంటుంది. ముందే ఆఫీసులో లెక్క వేయించుకుని, చెరి సగం అని మాట్లాడుకోండి. బాడుగదారులు విసుక్కుంటారు, "ఇంతకుముందు ఎక్కడా అడగలేదే" అంటారు. మూడేళ్ళు ఎవరూ కదిలించరన్న భరోసా ఆయనకీ దొరుకుతుందని చెప్పండి, అది నిజమే కదా.

ఒప్పందంలో పెంపు తర్వాత గొడవలు వచ్చేది నీళ్ళ దగ్గర, కరెంటు దగ్గర. ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పిస్తే డబ్బు ఎవరిది? రాసుకోండి. పోర్షన్లన్నిటికీ ఒకే కరెంటు సర్వీసు ఉండి లోపల సబ్‌మీటర్లు పెట్టినట్టయితే, యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి. తక్కువ వాడే ఇల్లు ఎక్కువ రేటు కట్టాల్సి వస్తుంది. పోర్షన్‌కొక సర్వీసు తీసుకోండి, బిల్లు వాళ్ళే కట్టుకుంటారు, మీ మీద అనుమానం ఉండదు. ఇంటిపన్ను మాత్రం మీరే కట్టాలి, కట్టడమే మీకు లాభం, అదెలాగో కింద చెప్తాను.

భోగ్యం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ రెండో పోర్షనాయన "నాలుగు లక్షలిస్తాను, బాడుగ వద్దు" అన్నారని రాశారు. పెద్ద మొత్తం ముందే ఇచ్చి బాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు తిరిగి తీసుకోవడమే భోగ్యం, మన జిల్లాలో లీజు అంటే చాలామందికి ఇదే. నాకు ఇష్టం ఉండదు. ఆ డబ్బు ఏదో అవసరానికి వాడేస్తాం, గడువునాటికి తిరిగివ్వలేక ఆయన్నే ఉంచుకుంటాం. చట్టం కళ్ళకి అది తనఖా లాంటిది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇలాంటి డబ్బు ఇరవై వేలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోకూడదు. తప్పనిసరైతే బ్యాంకు ద్వారానే తీసుకోండి, అప్పుడు కూడా అంతా ఖర్చు పెట్టకండి.

అంగడి సంగతికి వస్తాను. మందులషాపాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 2024 అక్టోబరు 10 నుంచి ఒక నియమం వచ్చింది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేని ఇంటివాళ్ళు రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి అంగడి బాడుగకిస్తే, బాడుగ మీద 18 శాతం పన్ను ఆ వ్యాపారే ప్రభుత్వానికి నేరుగా కట్టాలి. దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. అది ఆయన బాధ్యత, మీ బాడుగలోంచి కోసుకునేది కాదు. మామూలు పద్ధతిలో జీఎస్‌టీ కట్టే వ్యాపారి అయితే కట్టిన పన్నుని తన అమ్మకాల పన్నులో సర్దుకోవచ్చు. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టేసే పద్ధతిలో ఉన్నవాళ్ళకి సర్దుకునే వీలు లేక భారమైంది. అందుకే 2025 జనవరి 16 నుంచి వాళ్ళని ఈ నియమం నుంచి తప్పించారు. కాబట్టి ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "మీరు మామూలు జీఎస్‌టీనా, కాంపోజిషనా?" ఏ జవాబు చెప్పినా బాడుగ తగ్గించాల్సిన కారణం లేదు. కొత్త ఒప్పందంలో "బాడుగ పన్నులు కాకుండా" అని రాయించండి.

ఇళ్ళ బాడుగకి మనలాంటివాళ్ళ మధ్య జీఎస్‌టీ లేదు. రేపెప్పుడైనా పోర్షన్లని విద్యార్థినుల హాస్టల్‌కి ఇద్దామనుకుంటే మటుకు మళ్ళీ అడిగి చేయండి, అక్కడ లెక్కలు వేరు.

మూడో పోర్షనావిడ మీ పాన్ నంబరు అడిగారని ఇబ్బంది పడ్డారు. ఇవ్వండమ్మా. జీతగాళ్ళు ఇంటి బాడుగ అలవెన్సు మీద పన్ను మినహాయింపు తీసుకోవాలంటే, ఏడాది బాడుగ లక్ష దాటితే ఇంటివాళ్ళ పాన్ ఇవ్వాలి. మీ 8,500 పన్నెండు నెలలకి 1,02,000. లక్ష దాటేసింది. పాన్ ఇవ్వకుండా దాచినందువల్ల ఆవిడకి నష్టం, మీకు వచ్చేదేమీ లేదు. బాడుగ మీద ఇన్‌కమ్ టాక్స్ మీరనుకున్నంత బరువు కాదు. ఏడాదికి మొత్తం 4,00,000 బాడుగ వచ్చిందనుకోండి. మీరు ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను 12,000 తీసేస్తే 3,88,000. అందులో 30 శాతం, అంటే 1,16,400, మరమ్మతులు చేసినా చేయకపోయినా మినహాయింపే. మిగిలేది 2,71,600. అది మీ కుటుంబంలో వాటాదారుల మధ్య పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది ఇంకా తక్కువ. ఇంటిపన్ను మీరే కట్టమన్నది ఇందుకే. ఇంటివాళ్ళు కట్టింది, అదీ ఆ ఏడాదిలో కట్టింది మాత్రమే లెక్కలోకి వస్తుంది.

ఆ ఇంటిపన్ను కూడా మారింది, నాన్నగారు కట్టిన పాత రసీదులు చూసి పోల్చుకుంటే కంగారు పడతారు. 2021-22 నుంచి మన పట్టణాల్లో బాడుగ విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు. ఏడాదికి పెరుగుదల 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. అంటే బాడుగ నాలుగేళ్ళు కదలకపోయినా మీ ఖర్చు మాత్రం కదిలే అవకాశం ఉంది. పెంపు అడిగేటప్పుడు ఆ రసీదులు చూపించండి, మాట నిలబడుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు.

నెలకి 50,000 దాటిన బాడుగలకి బాడుగదారే టీడీఎస్, అంటే బాడుగలోంచే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, కోయాలి. మామూలు మనుషులు కోసేది 2024 అక్టోబరు నుంచి అయిదు శాతం బదులు రెండు శాతం. మీ ఇంట్లో అంత బాడుగ ఏదీ లేదు కాబట్టి దీన్ని వదిలేయండి.

కాగితాల గురించి మీరు యాప్ ఏదైనా చెప్పమన్నారు. అమ్మగారు వాడలేని యాప్ వద్దు. పోర్షన్‌కొక అట్ట ఫైలు, అంగడికొకటి, ఇంటికొకటి. పోర్షన్ ఫైల్లో ఒప్పందం నకలు, బాడుగదారు ఆధార్ నకలు, అడ్వాన్సు అందిన రసీదు, వచ్చినరోజు మీటరు రీడింగు, గోడలూ కుళాయిలూ ఫ్యాన్లూ ఎలా ఉన్నాయో ఫోటోలు, ఇచ్చిన ప్రతి ఉత్తరం నకలు. ఇంటి ఫైల్లో ఇంటిపన్ను రసీదులు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరమ్మతుల బిల్లులు. అన్నిటికీ ఫోటో తీసి మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి. బాడుగ బ్యాంకులో వేయించుకుంటే సగం రసీదుల పని తగ్గుతుంది. నగదుగా తీసుకుంటే 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టాలి. బకాయి ఉంటే చూద్దాంలే అని వదలకండి, మూడేళ్ళు దాటిన బకాయికి దావా వేసే వీలుండదు.

పెంపు మాట నోటితో చెప్పి ఊరుకోకండి. నేనైతే మూడు నెలల ముందు ఉత్తరం ఇస్తాను, ఆలోచించుకోవడానికి వాళ్ళకి వ్యవధి దొరుకుతుంది. మీ పైనున్నాయనకి ఇలా రాయండి: "అయ్యా, నాలుగేళ్ళుగా మీరు మా ఇంట్లో సొంతమనుషుల్లా ఉన్నారు. ఇప్పటిదాకా బాడుగ పెంచలేదు. జూన్ 1 నుంచి నెలకి 10,300 రూపాయలుగా, మూడేళ్ళ గడువుతో రిజిస్టర్డ్ ఒప్పందం రాసుకుందామని మా కోరిక. మీ అభిప్రాయం ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు." కింద వాటాదారులందరి సంతకాలు, తేదీ. అమ్మగారు చేతికిచ్చి, నకలు మీద ఆయన సంతకం తీసుకుంటే చాలు. ఆయన సంతకం పెట్టనంటే పోస్టులో పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కౌంటర్లో అడిగి అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలోనే పంపి, ఆ చీటీని ఫైల్లో పెట్టండి. ఆయన తిరిగి ఏం రాశారో నాకు చెప్పండి, ఒప్పందం ముసాయిదా నేను చదివి పెడతాను.